హార్మోనియం పెట్టెలో నల్లరాజు

7 జూన్ 1974, శుక్రవారం

ఏసుదాసు మాస్టారింటికి ఇవాళ మళ్ళీ వెళ్ళాను. ఉపవాసం ఉండి, చెప్పాల్సిన మాటలు దారి పొడుగునా వల్లించుకుంటూ వెళ్ళాను. ఆయన వెనక వసారాలో చదరంగం బల్ల ముందు పెట్టుకుని, పక్కన ఏదో పుస్తకం తెరుచుకుని ఒక్కరే ఆడుకుంటున్నారు. తెల్లవైపూ ఆయనే, నల్లవైపూ ఆయనే.

మూడేళ్ళ క్రితం శుభ శుక్రవారం నాడు నేను చెప్పిన ప్రసంగం పేటలో ఇంకా చెప్పుకుంటారు. సిలువ కింద కూర్చుని ప్రభువు అంగీ కోసం చీట్లు వేసుకున్న సైనికుల మీద. ఆటకోసం చేత్తో పావు పట్టినవాడు ఎవడైనా ఆ సైనికుల పక్కన చోటు చూసుకున్నవాడే అన్నాను. బల్ల గుద్దాను. ఆడవాళ్ళు ఏడ్చారు. ఆ నెలలోనే సంఘం తీర్మానం రాసింది: పేకాట గాని, పాచికలు గాని, చదరంగం గాని ఆడినవాళ్ళకి ప్రభువు బల్ల దగ్గర రొట్టె లేదు, ద్రాక్షరసం లేదు. వాళ్ళ పెళ్ళికి గుడిలో ప్రకటన చదవరు. ఆ మరుసటి ఆదివారం నుంచి మాస్టారు రావడం మానేశారు.

“రా ప్రసాదం. సైనికుడి ఇంటికొచ్చేవు, కాళ్ళు కడుక్కున్నావా?” అన్నారు.

“మాస్టారూ, మీ ఆత్మ గురించి నాకు నిద్ర పట్టడం లేదండి.”

“నాకు బాగానే పడుతోంది. మందు నీకు కావాలి.”

వాక్యం తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టారు. “అది నాకూ వచ్చు. నీకు రానిది చెబుతాను. దీంట్లో నన్ను ఒక్క ఆట ఓడించు. ఆ వచ్చే ఆదివారమే ముందు బెంచీలో కూర్చుంటాను.”

నవ్వుతూ అన్నారు గాని, ఆయన మాట తప్పే మనిషి కాదు.

ఇంట్లో నా భార్య కృపావతికి ఈ సంగతి చెప్పలేదు.

11 జూన్, మంగళవారం

అందరినీ రక్షించడం కోసం అందరికీ అన్నీ అయ్యానని అపొస్తలుడు రాయలేదా? బురదలో పడ్డ గొర్రెని తియ్యాలంటే బురదలో దిగాలి. పైగా ఇందులో పాచిక లేదు. పాచిక లేనప్పుడు అది జూదం కాదు. జూదం కానప్పుడు...

ఆ వాక్యం పూర్తి చెయ్యను.

ఇవాళ పావుల నడక నేర్చుకున్నాను. ఏనుగు తిన్నగా పోతుంది. గుర్రం ఎగురుతుంది. శకటు మూలలకి పోతుంది. “దీన్ని ఇంగ్లీషు వాళ్ళు బిషప్ అంటారు. ఎప్పుడూ తిన్నగా నడవదు,” అని మాస్టారు కిసుక్కున నవ్వారు. నవ్వకూడదనుకుంటూనే నేనూ నవ్వాను. రాజు నెత్తిన చిన్న సిలువ ఉంది. అది చూసి కొంచెం ధైర్యం వచ్చింది.

కాఫీ చల్లారేలోపు ఓడిపోయాను.

18 జూన్, మంగళవారం

ఆ పుస్తకం రష్యా పుస్తకాల వ్యాను అమలాపురం వచ్చినప్పుడు కొన్నదట. అట్ట లేదు. లోకంలో పేరుమోసిన ఆటగాళ్ళ ఆటలు ఉన్నాయి అందులో. గ్రాండ్‌మాస్టర్లు అంటారు వాళ్ళని. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. కానీ ఎత్తులన్నీ అక్షరాలూ అంకెలే. కీర్తనలకి అధ్యాయం, వచనం ఉన్నట్టు ప్రతి గడికీ ఒక అక్షరం, ఒక అంకె. నేను చదువుకున్నదే వచనాల లెక్కతో. బడికెళ్ళి కాదు, కొబ్బరికాయల కొట్లో పీచు గుట్ట మీద కూర్చుని వాక్యం కూడబలుక్కుంటూ అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. అందుకే ఈ పుస్తకం నాకు తొందరగా వశమవుతోంది.

వాళ్ళలో ఒకాయన ఆటని మాస్టారు బల్ల మీద పెట్టి చూపించారు. ప్రతి ఎత్తు దగ్గరా నన్నాపి, “అవతలివాడు ఇప్పుడు ఇదెందుకేసేడు?” అని అడిగారు. నేను నా ఎత్తు చెప్పబోయాను.

“నీదడగలేదు. వాడిదడిగేను.”

“తెలీదండి.”

“అదే నీ జబ్బు. వీళ్ళంతా ముందు అవతలివాడు ఏం కోరుతున్నాడో చూసి, ఆనక తమది వేస్తారు. నువ్వు ప్రసంగం చేసినట్టు ఆడతావు, ఎదుట ఎవరన్నా ఉన్నారో లేదో చూసుకోకుండా.”

కోపం వచ్చింది. ఇంటికొచ్చాక కూడా పోలేదు. ఇది రాస్తుంటే తెలుస్తోంది, అది కోపం కాదు.

25 జూన్, మంగళవారం

కాంతమ్మ గారు కోడలితో మళ్ళీ దెబ్బలాడిందని కబురొస్తే వెళ్ళాను. ఎప్పుడూ అయితే గుమ్మంలోనే ఓర్పు మీద వాక్యం ఎత్తుకునేవాణ్ణి. ఇవాళ చాప మీద కూర్చుని, “ఏం జరిగిందమ్మా?” అని ఊరుకున్నాను. ఆవిడ చెప్పుకుపోయింది. చివరికి తేలింది, కోడలి మీద కోపం కాదు, కంటికి పొర వచ్చి చూపు పోతోందని భయం. కోడలికి చెప్పలేక గిన్నెలు విసురుతోంది. ఆసుపత్రికి తీసుకెళ్ళమని కొడుకుతో చెప్పాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది.

చదరంగం నన్ను మెరుగైన బోధకుణ్ణి చేస్తోంది. ఇది ఎవరికి చెప్పుకోను?

2 జులై, మంగళవారం

“మాస్టారి కోసం వారానికి రెండు రోజులు పస్తుంటున్నారు, మొహం కాస్త నిండిందేంటండీ?” అంది కృపావతి. అనుమానంతో కాదు, ఆనందంతో అడిగింది. దేవుడి మహిమ అనుకుంది.

మాస్టారింట్లో వండిపెట్టే సత్తెమ్మ పెసరట్లు బాగా వేస్తుంది.

తరవాత కృపావతి అంది, “మీరొక్కరే ఎందుకండీ, నేనూ ఉంటాను. మంగళవారం, శుక్రవారం. ఆయన రక్షణ కోసం.”

వద్దని చెప్పడానికి నోట్లో మాట ఉంది. చెబితే ఎందుకు వద్దో చెప్పాలి.

5 జులై, శుక్రవారం

ఆవిడ పస్తు ఉంది. నేను రెండు అట్లు తిన్నాను.

9 జులై, మంగళవారం

ఊడ్పులు మొదలయ్యాయి. పేటంతా చేలల్లో ఉంది. నేను మాస్టారి వసారాలో ఉన్నాను.

ఇవాళ నేర్చుకున్నవి. ఒకటి: ఊరికే దొరికిన బంటుని తినే ముందు, ఎందుకు ఊరికే దొరికిందో చూడాలి. రెండోది: అవతలివాడి బంటు మంత్రి అవడానికి పరుగెడుతుంటే ఏనుగుని దాని ముందు కాదు, వెనక పెట్టాలి. “ముందు నించుంటే నువ్వే ఇరుక్కుంటావు. వెనక పడితే అది ఎంత దూరం పోయినా నీ చేతిలోనే,” అన్నారు మాస్టారు. పుస్తకంలో మూడు ఆటలు తీసి మూడింటిలోనూ అదే చూపించారు.

ఇంకోటి అడిగాను. ఈ ఆటల్లో చాలావాటిలో రాజు చావడమే లేదు. సగంలో ఆగిపోతున్నాయి, కాగితం చిరిగిపోయినట్టు. ఎందుకని?

“ఓడిపోయేనని తెలిసిపోతుంది కదా. తెలిసేక పెద్దవాడు కూర్చోడు. తన రాజుని తన వేలితోనే పడుకోబెట్టి లేచి చెయ్యిస్తాడు. ఆఖరిదాకా పట్టుకు వేళ్ళాడేది నీలాంటోళ్ళే.”

14 జులై, ఆదివారం

ప్రసంగంలో సాతాను వేసే “ఎత్తు” అన్నాను. వెంటనే దగ్గాను.

23 జులై, మంగళవారం

మాస్టారు పుస్తకం, ఒక పాత పావుల సంచీ ఇచ్చారు, ఒంటరిగా సాధన చెయ్యమని. సంచీలో అసలు నల్లరాజు పోతే, కొబ్బరి చిప్ప అరగదీసి ఆయనే ఒకటి చేశారట. నెత్తిన సిలువ కూడా చెక్కారు. నున్నగా, చల్లగా ఉంది.

మా ఇల్లు ఒక్క గది. ఎక్కడ పెట్టను? గుడి తాళం నా దగ్గరే ఉంటుంది. తెల్లవారుజామున ప్రార్థనకి వెళ్ళే అలవాటూ ఉంది. హార్మోనియం ఆదివారం తప్ప ఎవరూ ముట్టుకోరు. పెట్టె అడుగున గుడ్డ పరిచి ఉంటుంది. సంచీ ఆ గుడ్డ కింద పెట్టి, ప్రతి శనివారం సాయంత్రం తీసెయ్యాలి. పుస్తకం నా బైబిలు సంచీలో ఉంటుంది.

దేవుని మందిరంలో. అవును. రాశాను. కానీ ఎవరి కోసం?

2 ఆగస్టు, శుక్రవారం

గుడిలో ప్రభువు బల్ల ఎదుట నేల మీద సుద్దతో గడులు గీసుకుని ఆడాను. తలుపు సందులోంచి వెలుగు గడుల మీద పడుతోంది. ఇవాళ్టి ఆటలో ఒక గ్రాండ్‌మాస్టరు మొదట్లోనే ఒక బంటుని వదిలేశాడు. ఊరికే, ఏ బదులూ లేకుండా. ఎందుకో నాకర్థం కాలేదు. మళ్ళీ మొదటినుంచి ఆడాను. అవతలివాడు ఆ బంటుని తింటూ ఉండగా ఇతని పావులన్నీ బయటికొచ్చేశాయి. ఒక్క బంటుకి నాలుగు ఎత్తులు సంపాదించాడు. ఎంత అందంగా ఉందో! “స్తోత్రం” అని పైకే అన్నాను.

ఆ బంటు గడుల పక్కన పడి ఉంది. దానికేసి ఎవరూ చూడరు.

11 ఆగస్టు, ఆదివారం

చిట్టిబాబు పెళ్ళి ప్రకటన మొదటిసారి చదివాను. మన హార్మోనియం చిట్టిబాబు, సెంటర్లో బట్టలు కుట్టే కుర్రాడు. పెళ్ళికూతురు కొత్తపేట ప్రభాకరరావు మాస్టారి అమ్మాయి సుగుణ. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండని అడిగాను. ఎవరూ లేవలేదు. చిట్టిబాబు సిగ్గుపడి తప్పు మెట్టు నొక్కాడు, గుడంతా నవ్వింది. ఇంకా రెండు ఆదివారాలు చదవాలి. వచ్చే నెల పన్నెండున పెళ్ళి.

మిల్లు దగ్గర పేక ముట్టుకున్నాడని ఒకప్పుడు సంఘపెద్ద కొండయ్య గారు వాణ్ణి మందలించారు. పాత సంగతి. ఇప్పుడు బుద్ధిమంతుడు.

13 ఆగస్టు, మంగళవారం

ఇవాళ మొదటిసారి మాస్టారు తల గోక్కున్నారు. నాకో బంటు ఎదురు లేకుండా పరుగెడుతోంది. ఇంకో రెండు గడులు పోతే మంత్రి. ఇద్దరికీ ఒక్కో ఏనుగు. “ఉండు, ఇది ఆలోచించాలి. బల్ల కదపను. వచ్చే వారం పూర్తి చేద్దాం,” అన్నారు.

గెలుస్తాను! ఇంటికొస్తుంటే గోదారి ఎర్రనీళ్ళు కాలవలోకి వచ్చేశాయి. పాటలు పాడుకుంటూ వచ్చాను.

14 ఆగస్టు, బుధవారం

సంఘం వనితలు రేపు జెండా పండక్కి పిల్లలకి పాట నేర్పాలని హార్మోనియం తీయించారు. నాకెవరూ చెప్పలేదు. నేను వెళ్ళేసరికి పెట్టె మూత తీసి ఉంది, కొండయ్య గారు గుడ్డ ఎత్తి పట్టుకుని ఉన్నారు.

“చిట్టిబాబూ! ఏంట్రా ఇవి?”

చిట్టిబాబు సంచీకేసి చూశాడు. తరవాత నాకేసి చూశాడు.

“ఇదేనా నువ్వు మారింది? పెళ్ళి ప్రకటన చదివిన నోళ్ళు ఇంకా ఆరలేదు. దేవుడి మందిరంలో జూదం సామాను దాస్తావా?” అని ఆయన సంచీ గుమ్మరించారు. పావులు నేల మీద పడ్డాయి. నల్లరాజు దొర్లుకుంటూ వచ్చి నా కాలి దగ్గర ఆగింది.

నేను దాని మీద కాలు వేశాను.

“వరప్రసాదం గారూ, తమరే చెప్పండి. తమరి ప్రసంగం మీదే కదా మనం తీర్మానం చేసుకున్నది.”

నేనన్నది ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తున్నాను: “తొందరపడొద్దండి. ప్రార్థన చేద్దాం.”

ప్రార్థన చేశాను. అందరూ కళ్ళు మూసుకున్నారు. అప్పుడు వంగి రాజుని తీసి జేబులో వేసుకున్నాను.

15 ఆగస్టు

పిల్లలు హార్మోనియం లేకుండానే పాడారు.

16 ఆగస్టు, శుక్రవారం

మాస్టారింటికి వెళ్ళలేదు. కృపావతి పస్తు ఉంది.

నేను పనిచేసే కొబ్బరికాయల కొట్టుకి చిట్టిబాబు వచ్చాడు. కాయల గుట్ట అవతల నిలబడ్డాడు.

“బాబాయిగారూ, కొత్తపేట నుంచి కబురొచ్చిందండి. ప్రకటన ఆగితే పెళ్ళి ఆగినట్టేనన్నారు ప్రభాకరరావు గారు. రిజిస్ట్రారాఫీసు పెళ్ళి మా ఇంటావంటా లేదన్నారండి.”

“దేవుడు చూసుకుంటాడు నాయనా.”

“ఆయ్.” కాసేపు కాయ ఒకటి చేతిలో తిప్పాడు. “నాగులంక నుంచి పొద్దున్నే బట్టలు తెస్తూ ఓ రోజు తలుపు సందులోంచి చూసేనండి. ప్రార్థన అనుకున్నాను. తర్వాత పావులు కనబడ్డాయి. ఎవరికీ చెప్పలేదండి. మొన్న మీరే చెబుతారనుకున్నాను.”

నేను ఇంకో కాయ తీసి పీచు వలవబోయాను. వాడే మళ్ళీ అన్నాడు, “ఇప్పుడు నేను చెప్పినా నమ్మరు కదండీ. మీ మీద నింద వేస్తున్నానంటారు.”

నిజమే. నమ్మరు. ఆ మాటకి నా లోపల ఏదో కుదుటపడింది. అది రాయకుండా ఉండలేను. కుదుటపడింది.

18 ఆగస్టు, ఆదివారం

రెండో ప్రకటన చదవలేదు. కొండయ్య గారు లేచి, విచారణ తేలేదాకా చిట్టిబాబు హార్మోనియం ముట్టుకోకూడదన్నారు. పాటలు అపశ్రుతిలో సాగాయి.

ఇప్పుడు నేను బయటపడితే ఏమవుతుంది? మాస్టారు అంచుమీద ఉన్నారు. ఒక్క ఆట. ఆయన్ని గుడిలో కూర్చోబెట్టాక చెబుతాను. అప్పుడు చిట్టిబాబు పెళ్ళీ అవుతుంది. కొన్నాళ్ళు నష్టం, తరవాత లాభం. ఒక్క బంటు...

19 ఆగస్టు, సోమవారం

పొద్దున వాక్యం తెరిస్తే ప్రధాన యాజకుడి మాట వచ్చింది. జనమంతా నశించడం కన్నా ఒక్క మనిషి చావడం మేలు కదా అని సభలో తెలివిగా లెక్క చెప్పినవాడు. నిన్న నేను రాసింది చూసుకున్నాను. మాటలు వేరు, లెక్క అదే.

ఇంతకాలం ఆ సైనికుల మీద ప్రసంగించాను. ఈయన మీద ఎప్పుడూ చెప్పలేదు.

20 ఆగస్టు, మంగళవారం

మాస్టారి బల్ల మీద ఆట అలాగే ఉంది. కూర్చున్నాను. ఆయన ఎత్తు. ఆయన పావు ముట్టుకోలేదు.

“పాత సంచీ కొండయ్య దగ్గరుందని సత్తెమ్మ చెప్పింది. చిట్టిబాబు దాచేడట కదా?”

నేను మొత్తం చెప్పాను. నల్లరాజు గురించి తప్ప. చెప్పి, ఎందుకూరుకున్నానో కూడా చెప్పాను. ఆయన నేర్పిన మాటల్లోనే చెప్పాను. “ఒక్క బంటు మాస్టారూ. మీ కోసమేనండి. మీరు వచ్చేయగానే అన్నీ సర్దేస్తాను.”

ఆయన బల్ల పక్కన పడున్న ఒక బంటుని తీసి వేళ్ళ మధ్య తిప్పారు. వాన పడుతోంది. లోపల సత్తెమ్మ పొయ్యి ఊదుతోంది.

“బంట్లు కర్రవి ప్రసాదం,” అన్నారు.

తరవాత తన రాజుని వేలితో మెల్లిగా పడుకోబెట్టి, నాకు చెయ్యిచ్చారు.

“గెలిచేవు. ఆదివారం వస్తాను.”

స్తోత్రం! ఇంటికెళ్ళి కృపావతికి చెప్పాను. ఆవిడ మోకాళ్ళ మీద పడి ఏడ్చింది. ఉపవాసానికి ఫలం వచ్చిందంది.

25 ఆగస్టు, ఆదివారం

తెల్ల పంచె, లాల్చీతో మాస్టారు వచ్చి ముందు బెంచీలో కూర్చున్నారు. గుడంతా లేచి నిలబడింది. కాంతమ్మ గారు కంటి కట్టుతోనే స్తోత్రం అరిచింది. కొండయ్య గారు నా చెయ్యి నొక్కి, “తమరి కష్టం ఊరికే పోలేదండి,” అన్నారు. తప్పిపోయిన గొర్రె మీద ప్రసంగం చెప్పాను. బాగా చెప్పాను. చెబుతున్నంతసేపూ బాగా చెబుతున్నానని తెలుస్తూనే ఉంది.

ఆశీర్వాదానికి ముందు మాస్టారు లేచారు.

“కొండయ్యా, ఆ సంచీలో పావులు నావి. నా డబ్బుతో కొన్నవి, తక్కువైంది నా చేత్తో చెక్కినది. చిట్టిబాబుకి వాటితో ఏ సంబంధమూ లేదు. ఆ కుర్రాడి ప్రకటన చదవండి.”

“అవి హార్మోనియం పెట్టెలోకెలా వచ్చేయండి?”

“నావని చెప్పేనా లేదా? నేను చదరంగం ఆడతానని పేటలో తెలియనిదెవరికి? మీ తీర్మానం నాకూ ఉంది. కానివ్వండి.”

ఆయన ఒక్క అబద్ధమూ ఆడలేదు. నాకేసి చూడనూ లేదు. కొండయ్య గారి సైగతో నేను లేచి రెండో ప్రకటన చదివాను. చిట్టిబాబు వెనక గోడకి ఆనుకుని ఉన్నాడు. వాడు నాకేసి చూశాడు.

27 ఆగస్టు, మంగళవారం

కమిటీ కూర్చుంది. మాస్టారిని ఆరు నెలలు ప్రభువు బల్లకి దూరంగా ఉంచాలని తేలింది. మూడేళ్ళ తరవాత వచ్చిన మనిషిని. వచ్చిన రోజునే తనదన్న తప్పుకి. ఉత్తర్వు కొండయ్య గారు రాశారు. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారం రోజున, అంటే ఒకటో తారీఖున, నెలకోసారి వచ్చే పాస్టరు అయ్యగారి ఎదుట నేను చదవాలి. “మీ చేతుల మీద వచ్చేరు కాబట్టి మీరు చదివితేనే ప్రేమగా ఉంటుందండి,” అన్నారు.

“పావులు లెక్క చూస్తే నల్లరాజు ఒకటి తక్కువొచ్చిందండి,” అని కూడా అన్నారు.

అది నా జేబులో ఉంది. రోజంతా వేలితో తడుముతున్నాను. సిలువ కొస గుచ్చుకుంటోంది.

సాయంత్రం కొట్లో, ఉప్పుగల్లు, కాయపెచ్చులు పావులుగా పెట్టి ఆ ఆట మళ్ళీ చూశాను. నా బంటు పరుగెడుతోంది. ఆయన ఏనుగు ఒక్క ఎత్తులో నా బంటు వెనక్కి వచ్చేయొచ్చు. వస్తే బంటు కదలదు. ఆట సరిసమానం. మూడు ఆటలు తీసి మూడుసార్లు నాకు నేర్పిన ఎత్తు ఆయనకి కనబడలేదా?

ఆయన ఓడిపోలేదు.

నేను ఆ రోజు స్తోత్రం చెప్పింది దేనికి?

29 ఆగస్టు

రాజుకి మంచి గడి లేని స్థితి ఒకటి ఉంది పుస్తకంలో. ఎటు కదిలినా నష్టమే. కదలకుండా ఉండనివ్వరు. ఆ పేజీ దగ్గర మాస్టారు పెన్సిలుతో చిన్న గీత గీశారు. ఎప్పుడో గీసింది. నా కోసం కాదు.

31 ఆగస్టు, శనివారం

అయ్యగారు సాయంత్రం బస్సుకి వచ్చారు. కృపావతి కోడిని కోసింది. నన్ను మెచ్చుకుంటూ తిన్నారు.

1 సెప్టెంబరు, ఆదివారం

మూడో ప్రకటన చదివాను. అభ్యంతరమెవరికీ లేదు. చిట్టిబాబు హార్మోనియం దగ్గర తల వంచుకున్నాడు.

తరవాత ఉత్తర్వు. బల్ల మీద తెల్లగుడ్డ కింద రొట్టె, గిన్నె ఉన్నాయి. అయ్యగారు కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. మాస్టారు ముందు బెంచీలో చేతులు కట్టుకుని ఉన్నారు, బడిలో తప్పు చేసిన పిల్లాడు కూర్చున్నట్టు. ఆయన ఆ తప్పు చెయ్యలేదు. నేను చదివితే, ఆయన వెనక బెంచీకి వెళ్ళిపోతారు, ఆటంతా నాదవుతుంది. ఒక్క ఎత్తు. అవతలివాడు ఏం కోరుతున్నాడు? ఆయన ఏమీ కోరడం లేదు. అదే నేను చూడలేకపోయింది.

కాగితం తీసి చదివాను: “సంఘ తీర్మానాన్ని అతిక్రమించి చదరంగం ఆడినందువల్ల, పావులు మందిరంలో దాచినందువల్ల, శ్రీ వరప్రసాదం గారిని ఆరు నెలలు ప్రభువు బల్లకు దూరంగా ఉంచడమైనది.”

ఎవరో దగ్గారు.

కొండయ్య గారు నవ్వి, “పేరు చూసుకోండి. అలవాటులో మీ పేరు చదివేసేరు,” అన్నారు.

“ఆయ్. చూసుకునే చదివేనండి.” మళ్ళీ చదివాను, ఇంకా గట్టిగా, నా పేరుతోనే.

జేబులోంచి నల్లరాజుని తీసి బోధ బల్ల మీద నిలబెట్టాను. “తక్కువైన పావు ఇదండి. ఆ బుధవారం నా కాలి కింద ఉంది. మీరు కళ్ళు మూసుకుంటే తీసుకున్నాను.” తరవాత వేలితో దాన్ని పడుకోబెట్టాను. అది ఒకసారి అటూ ఇటూ దొర్లి ఆగింది.

మెట్లు దిగి ఆఖరి బెంచీకి నడిచాను. దారి అంత పొడుగని తెలియదు.

అదే రోజు, సాయంత్రం

కృపావతి అన్నం వడ్డించింది. తను కూర్చోలేదు.

“మంగళవారాలూ శుక్రవారాలూ నేను కడుపు మాడ్చుకున్నది దేనికండీ?”

ఆవిడ తన కంచం కడిగి బోర్లించింది. ఇవాళ ఆదివారం.

3 సెప్టెంబరు, మంగళవారం

పట్టపగలు, నడివీధిలోంచి మాస్టారింటికి వెళ్ళాను. దారిలో అరుగుల మీద మాటలు ఆగిపోయాయి, నేను దాటాక మొదలయ్యాయి.

“ఆలస్యంగా పడుకోబెట్టేవు,” అన్నారు మాస్టారు. “పుస్తకంలో వాళ్ళయితే ఆ బుధవారమే లేచేవారు.”

“మీరు ఏనుగుని వెనక్కి తెస్తే ఆట సరి అయ్యేదండి.”

“కనిపెట్టేవా?” ఆయన కళ్ళు ఒక్క క్షణం మెరిశాయి. “ఎన్నాళ్ళకి?”

“వారం.”

“పర్లేదు. నేర్చుకుంటున్నావు.”

సత్తెమ్మ పెసరట్టు తెచ్చింది. తినలేకపోయాను. మాస్టారు బల్ల మీద పావులు సర్దబోయి, నా మొహం చూసి మానేశారు.

12 సెప్టెంబరు

చిట్టిబాబు పెళ్ళి కొత్తపేటలో జరిగింది. శుభలేఖ కృపావతి పేరున వచ్చింది. వెళ్ళి వచ్చి, “పిల్ల బావుంది,” అంది. ఇన్నాళ్ళకి ఆవిడ నాతో అన్న మొదటి మాట అది.

6 అక్టోబరు, ఆదివారం

ప్రసంగం కొండయ్య గారు చెప్పారు. అవతల ఎవరున్నారో చూసుకోకుండా చెప్పారు. నా గొంతే విన్నట్టుంది.

రొట్టె పళ్ళెం బెంచీ బెంచీకీ వచ్చి, నా ముందునుంచి పోయింది. మాస్టారు ముందు బెంచీ నుంచి లేచి వచ్చి నా పక్కన కూర్చుని ఉన్నారు. ఆయన పేరున ఉత్తర్వు ఎవరూ మళ్ళీ ఎత్తలేదు, అయినా పళ్ళెం ఆయన దగ్గరా ఆగలేదు. ఆగనివ్వలేదు ఆయన. తల అడ్డంగా ఊపారు. “మీరు తీసుకోండి మాస్టారూ,” అన్నాను. “నీ ఆటయ్యేదాకా కూర్చుంటాలే,” అన్నారు, కిటికీకేసి చూస్తూ.

గుడి ఖాళీ అయింది. చిట్టిబాబు హార్మోనియం పెట్టెలో పెట్టి, గుడ్డ ఎత్తి అడుగుదాకా చూసి, మూత వెయ్యకుండా నన్ను పిలిచాడు.

“బాబాయిగారూ, మీరూ ఓసారి చూసుకోండి. ఖాళీయేనండి.”

వెక్కిరించాడో, మామూలుగా అన్నాడో తెలియలేదు. అడగలేదు. దగ్గరికెళ్ళి వంగి చూశాను. ఖాళీయే.

మూత వేశాడు. “సామాన్ల గదిలోకి మోయాలండి. ఓ చెయ్యి వెయ్యండి.”

ఒక వైపు వాడు, ఒక వైపు నేను. ఎత్తాం. గుమ్మం దగ్గర వాడు వెనక్కి నడుస్తూ, “మెట్టుందండి, చూసుకోండి,” అన్నాడు.

చూసుకున్నాను.